ట్రిగ్గర్ బరువు: ఒక వాక్యానికి వ్యాఖ్యానం

తుపాకీ బాగుచేసేవాళ్లూ షూటింగ్ నేర్పేవాళ్లూ తలా ఒక మాటలో చెప్పే జాగ్రత్తలన్నిటినీ ఒక్కచోట కూరిస్తే ఇలా వస్తుంది:

“లైసెన్సు ఉన్న వేట రైఫిల్‌ను ఖాళీ చేసి, ట్రిగ్గర్ బరువును గేజితో కొలిచి, సియర్ పట్టు సడలకుండా, చేసే పనికి తగినంత వరకే సవరించి, మళ్లీ పరీక్షించాలి.”

మేడ్చల్, శామీర్‌పేట వైపు తాతల నాటి తుపాకీని వారసత్వంగా అందుకుని తమ పేరున లైసెన్సు తీసుకున్నవారినీ, హైదరాబాద్‌లో కొత్తగా షూటింగ్‌లో చేరినవారినీ దృష్టిలో పెట్టుకుని ఈ వాక్యాన్ని పదం పదంగా విప్పుతున్నాను. ట్రిగ్గర్ ఎంత తేలికైతే గురి అంత బాగా కుదురుతుందని వీరిలో చాలామంది నమ్ముతారు. ఆ నమ్మకంలో సగమే నిజం. మిగతా సగం ప్రాణం మీదికి తెస్తుంది.

వేట రైఫిల్. ఈ మాటలోని ‘వేట’ ఇవాళ మన దగ్గర దాదాపు పేరుకే మిగిలింది. శామీర్‌పేటలోని జవహర్ జింకల పార్కుకు వెళ్తే చుక్కల జింకలు, కృష్ణజింకలు, నెమళ్లు కనిపిస్తాయి. నగరానికి అటు చివర వనస్థలిపురంలోని మహావీర్ హరిణ వనస్థలి ఒకప్పుడు నిజాం షికారుకు వెళ్లిన నేల. తుపాకీకి ఎదురుగా నిలిచిన జంతువులే ఇప్పుడు కంచె లోపల కాపలాలో బతుకుతున్నాయి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 9వ సెక్షన్ వేటను నిషేధించింది. చంపడం ఒక్కటే వేట అనుకోవద్దు. విషం పెట్టడం, ఉచ్చు వేయడం, పట్టుకోవడం, తరమడం, ఎర వేయడం, వీటిలో దేనికైనా ప్రయత్నించడం కూడా ఆ చట్టం దృష్టిలో వేటే. శామీర్‌పేటలోనే నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది. అక్కడ చదివే ఏ విద్యార్థిని అడిగినా ఈ నిర్వచనం ఎంత విశాలమైనదో చెబుతారు.

మరి రైఫిల్‌కు మిగిలిన పనేమిటి? ఒకటి పంట కాపలా. నిలిచిన పంటను పాడుచేసే జంతువు విషయంలో అదే చట్టం 11వ సెక్షన్ కింద అధికారి రాతపూర్వకంగా అనుమతి ఇవ్వవచ్చు. అడవి పందుల బెడద మీద రైతులు మొరపెట్టుకోగా, 2021లో తెలంగాణ ప్రభుత్వం ఆ అనుమతి ఇచ్చే అధికారాన్ని సర్పంచుల దాకా తెచ్చింది. కాల్చే పని మాత్రం అటవీశాఖ జాబితాలో ఉన్న షూటర్లదే. రెండోది క్రీడ. ఈ రెండూ కాక బీరువాలో ఉన్న తుపాకీ ఆత్మరక్షణ కోసమో, కుటుంబపు గుర్తుగానో ఉన్నట్టు లెక్క.

మన దేశంలో బాగా తెలిసిన పౌర రైఫిల్ పశ్చిమ బెంగాల్‌లోని ఇషాపూర్ ఫ్యాక్టరీ చేసిన .315. దాని యంత్రాంగం పాత సైనిక లీ-ఎన్‌ఫీల్డ్‌ది. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, ‘సవరించి’ అన్న మాట దగ్గర అవసరం పడుతుంది.

లైసెన్సు ఉన్న. ఈ విశేషణం తుపాకీకీ వర్తిస్తుంది, దాన్ని విప్పే చేతికీ వర్తిస్తుంది. 1959 ఆయుధ చట్టం 3వ సెక్షన్ ప్రకారం తుపాకీ ఉంచుకోవడానికి లైసెన్సు కావాలి. 5వ సెక్షన్ తయారీ, అమ్మకాలతోపాటు మరమ్మతునూ పరీక్షనూ పేరు పెట్టి చెప్పి, వాటికీ లైసెన్సు తప్పనిసరి చేసింది. కాబట్టి ఊళ్లో మోటార్లు బాగుచేసే మెకానిక్ ఎంత పనితనం ఉన్నవాడైనా ట్రిగ్గర్ అతని దగ్గరికి వెళ్లకూడదు. నిపుణత చాలదా అని అడిగేవారికి నా జవాబు ఒకటే: పాడైన మోటారు ఆగిపోతుంది, పాడైన ట్రిగ్గర్ పేలుతుంది.

ఖాళీ చేసి. మ్యాగజైన్ తీయాలి. బోల్ట్ వెనక్కి లాగాలి. చాంబర్‌లోకి కంటితో చూసి, వేలితో కూడా తడిమి చూడాలి. తూటాలు ఆ గదిలోనే ఉండకూడదు. ఇంతకు మించి చెప్పేదేమీ లేదు, ఇందులో ఏ ఒక్కటీ తగ్గడానికి వీల్లేదు.

ట్రిగ్గర్ బరువు. ట్రిగ్గర్ అనే ముక్క తూగే బరువు కాదిది. తుపాకీ పేలడానికి వేలు ఎంత బలంతో లాగాలో, ఆ బలాన్ని కిలోల్లోనో పౌండ్లలోనో చెప్పే లెక్క. ఒక పౌండు 454 గ్రాములు.

ఈ అంకెకు ఎందుకింత విలువ? వేలు లాగే బలం తుపాకీని కూడా కాస్త కదుపుతుంది. నాలుగు కిలోల రైఫిల్‌కు మూడు కిలోల ట్రిగ్గర్ ఉంటే, లాగే క్షణంలో చెయ్యంతా బిగుస్తుంది, గురి పక్కకు జరుగుతుంది. అందుకే పోటీ రైఫిల్ పట్టినవారు తేలిక ట్రిగ్గర్ కోరుకుంటారు. అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య నియమాల్లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌కు కనీస బరువంటూ లేదు. వంద గ్రాముల లోపు పెట్టుకున్నా తప్పు పట్టరు. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది ఆ విభాగంలోనే. పిస్తోలు దగ్గరికి వస్తే నియమం మారుతుంది: 10 మీటర్ల ఎయిర్ పిస్తోలుకు కనీసం 500 గ్రాములు, 25 మీటర్ల పిస్తోలుకు కనీసం 1000 గ్రాములు. మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 2023లో హాంగ్జౌ ఆసియా క్రీడల్లో ఈ రెండు విభాగాల్లోనూ పతకాలు తెచ్చింది. అంటే ఒకే వేలు ఒక పిస్తోలు మీద లాగినదానికి రెట్టింపు ఇంకోదాని మీద లాగడానికి అలవాటు పడింది. బరువు ఎక్కువైనా వేలు నేర్చుకుంటుందనడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ నాకు కనిపించలేదు. అలా నేర్చుకోవాలంటే ఒక్క షరతు ఉంది: ఆ బరువు ఇవాళా రేపూ ఒక్కలాగే ఉండాలి.

గేజితో కొలిచి. “కాస్త గట్టిగా ఉంది”, “చాలా స్మూత్‌గా ఉంది” అనే మాటలు కొలతలు కావు. స్ప్రింగ్ గేజిగానీ డిజిటల్ గేజిగానీ కొక్కేన్ని ట్రిగ్గర్ మధ్యలో తగిలించి, గొట్టానికి సమాంతరంగా నెమ్మదిగా వెనక్కి లాగాలి. కొక్కెం ట్రిగ్గర్ కొసకు జారితే మీట పొడుగు పెరిగి, అంకె ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. పోటీల్లో ఇంకా కచ్చితమైన పద్ధతి ఉంది. పిస్తోలు గొట్టాన్ని నిటారుగా పైకి పట్టి, తూకపు దిమ్మెను ట్రిగ్గర్‌కు తగిలించి బల్ల మీద నుంచి పైకి ఎత్తాలి. దిమ్మె లేచేదాకా ట్రిగ్గర్ ఆగితే నెగ్గినట్టు. మూడు అవకాశాలు ఇస్తారు. పోటీ ముగిశాక కూడా కొందరిని ఎంపిక చేసి ఇలాగే పరీక్షిస్తారు, అప్పుడు తప్పితే అనర్హతే.

ఒక్కసారి కొలిచి ఊరుకోవద్దు. కనీసం అయిదు సార్లు లాగి, అంకెలన్నీ రాసుకోవాలి. నేనైతే సగటు కన్నా ముందు ఆ అంకెల మధ్య తేడానే చూడమంటాను. 1.6, 1.6, 1.7 కిలోలు ఇలా వస్తే ట్రిగ్గర్ ఆరోగ్యంగా ఉంది. 1.3, 1.9, 1.5 వస్తే లోపల దుమ్మో, ఎండి జిగురైన నూనెయో, అరిగిన అంచో ఉంది. దానికి స్క్రూ తిప్పడం మందు కాదు, ముందు శుభ్రం చేయించాలి. మన ఎండలకు నూనె బంకలా మారుతుంది, వానాకాలపు చెమ్మకు ఉక్కు అంచు తుప్పు పడుతుంది. ట్రిగ్గర్ గట్టిపడిందని వచ్చే తుపాకులు కొన్ని శుభ్రం చేయగానే దారికొస్తాయి.

సియర్ పట్టు సడలకుండా. వాక్యానికి ఆయువుపట్టు ఇక్కడుంది. బోల్ట్ మూసినప్పుడు ఫైరింగ్ పిన్ వెనుక బలమైన స్ప్రింగ్ నొక్కుకుని సిద్ధంగా ఉంటుంది. దాన్ని ముందుకు దూకనీయకుండా ఆపేది సియర్ అనే చిన్న ఉక్కు ముక్క. తలుపు గడియ ఎంత లోపలికి దిగితే తలుపు అంత భద్రం. సియర్ కూడా అంతే. ట్రిగ్గర్ లాగినప్పుడు మనం చేసేది ఆ అంచును పట్టు నుంచి తప్పించడం. వేలికి తగిలే బరువులో కొంత ట్రిగ్గర్‌ను ముందుకు, తన చోటికి నెట్టే చిన్న స్ప్రింగ్‌ది, కొంత ఆ రెండు ఉక్కు అంచుల రాపిడిది.

తేలిక చేయడానికి రెండు దారులున్నాయి. స్ప్రింగ్ బలం తగ్గించడం ఒకటి, అంచుల పట్టు లోతు తగ్గించడం మరొకటి. పట్టు తగ్గిస్తే, తుపాకీ పేలేముందు ట్రిగ్గర్ ఈడ్చినట్టు కదిలే కదలిక కూడా తగ్గి, లాగడం గాజు విరిగినంత శుభ్రంగా ఉంటుంది. చేతికి హాయిగా ఉంటుంది కాబట్టే చాలామంది ఇక్కడే హద్దు దాటుతారు. వెంట్రుకవాసి పట్టు మీద నిలబడిన సియర్‌కు బోల్ట్ గట్టిగా మూసిన అదురు చాలు, తుపాకీ జారి బట్ నేలకు తగిలిన దెబ్బ చాలు. స్ప్రింగ్ మరీ బలహీనపడినా అంతే ప్రమాదం. ట్రిగ్గర్ పూర్తిగా తన చోటికి తిరిగి రాక, సియర్ సగం పట్టుతో ఆగుతుంది.

పేరున్న కంపెనీలకే ఈ తిప్పలు తప్పలేదు. 1962 నుంచి అమ్ముడవుతున్న అమెరికన్ రెమింగ్టన్ 700 రైఫిల్ తొలినాటి ట్రిగ్గర్ మీద, వేలు పెట్టకుండానే పేలిందంటూ ఏళ్ల తరబడి కేసులు నడిచాయి. దాని స్థానంలో తెచ్చిన ఎక్స్-మార్క్ ప్రో ట్రిగ్గర్‌లోనూ లోపం బయటపడింది. కూర్పులో వాడే జిగురు కొన్నిటిలో ఎక్కువై, తుపాకీ అనుకోకుండా పేలే ప్రమాదం ఉందని 2014 ఏప్రిల్‌లో కంపెనీయే ఆ రైఫిళ్లను వెనక్కి పిలిచింది. 2006 మే నుంచి అప్పటిదాకా తయారైనవన్నీ ఆ జాబితాలోకి వచ్చాయి. కాస్త జిగురు అంత పని చేసినప్పుడు, ఇంట్లో ఆకురాయితో గీసిన గీత ఏం చేస్తుందో ఆలోచించండి.

చేసే పనికి తగినంత వరకే. రేంజిలో షూటర్ కదలకుండా నిలబడతాడు, గొట్టం ఎప్పుడూ లక్ష్యం వైపే ఉంటుంది, పక్కన అధికారి ఉంటాడు. అక్కడ వంద గ్రాములు చెల్లుతాయి. మొక్కజొన్న చేనులో రాత్రిపూట గట్ల మీద నడిచే షూటర్ పరిస్థితి వేరు. కాలు జారుతుంది, గుండె దడదడలాడుతుంది, చెమట పట్టిన వేలికి స్పర్శ తెలియదు, చుట్టూ రైతులు నిలబడి ఉంటారు. అలాంటి పనికి మూడు, నాలుగు పౌండ్లు, అంటే దాదాపు 1.4 నుంచి 1.8 కిలోలు సరైనవని చాలామంది నిపుణుల మాట. అంతకన్నా దిగవద్దనే నేనూ అంటాను. తయారీదారు పుస్తకంలో కనీస అంకె ఇంకా ఎక్కువ ఉంటే ఆ పుస్తకమే ప్రమాణం.

సవరించి. కొత్త రైఫిళ్లలో ఇందుకు స్క్రూలుంటాయి. సాధారణంగా ఒకటి బరువుకు, ఒకటి పట్టు లోతుకు, ఒకటి పేలిన తర్వాత ట్రిగ్గర్ ఎంత వెనక్కి వెళ్లాలో నిర్ణయించడానికి. కొన్ని కంపెనీలు బరువు స్క్రూ ఒక్కటే యజమానికి వదిలి, మిగతావి సీలు చేస్తాయి. ఆ సీలు పగలగొట్టకండి.

ఇషాపూర్ .315 యజమాని స్క్రూ కోసం వెతకడం దండగ. లీ-ఎన్‌ఫీల్డ్ ట్రిగ్గర్‌ను రెండు అంచెల్లో లాగాలి. మొదటి అంచెలో కాస్త దూరం మెత్తగా వచ్చి, రెండో అంచెలో గట్టిగా ఆగి, అప్పుడు పేలుతుంది. సైనిక లెక్కలో ఆ రెండో అంచె అయిదు, ఆరు పౌండ్ల దాకా ఉండేది. దాన్ని తగ్గించాలంటే ఉక్కు అంచుల కోణాన్ని రాయి మీద సానపట్టాలి. పైపొర ఒక్కటే గట్టిపరిచిన ఉక్కు మీద ఒక గీత ఎక్కువ పడితే, లోపలి మెత్తని లోహం బయటపడి రోజురోజుకూ అరుగుతుంది. ఈ రైఫిల్ ఉన్నవారికి నా సలహా: శుభ్రం చేయించి, ఉన్న బరువునే ఉంచుకోండి. ఆ రెండు అంచెలకు వేలు త్వరలోనే అలవాటు పడుతుంది.

మళ్లీ పరీక్షించాలి. సవరించాక ఖాళీ తుపాకీ మీదే మూడు పరీక్షలు చేయాలి. బోల్ట్‌ను పదే పదే గట్టిగా మూసి, ఫైరింగ్ పిన్ దానంతటదే పడుతోందేమో చూడాలి. సేఫ్టీ వేసి ట్రిగ్గర్ గట్టిగా లాగి వదిలి, ఆ తర్వాత సేఫ్టీ తీసినప్పుడు పిన్ పడిందేమో చూడాలి. రబ్బరు సుత్తితో బట్ మీద, పక్కల మీద తట్టి చూడాలి. ఒక్కదాంట్లో ఒక్కసారి తప్పినా ఆ తుపాకీలో తూటా పెట్టకూడదు.

మన దగ్గర ఈ పరీక్షకు సహజంగానే ఒక సమయం వస్తుంది. ఎన్నికల ప్రకటన రాగానే లైసెన్సు తుపాకులను ఠాణాలో అప్పగించమంటారు. 2023 చివర్లో శాసనసభకు, 2024 మేలో లోక్‌సభకు ఓట్లు పడ్డాయి. ఆ వారాలన్నీ నూనె లేకుండా, కదలిక లేకుండా మూలనున్న ఉక్కు ఎలా ఉందో చూడకుండానే తిరిగి ఇంటికి తెచ్చుకోవడం అలవాటైపోయింది. ఈసారి ఠాణా నుంచి తుపాకీ తీసుకున్నాక ముందు లైసెన్సున్న తుపాకుల దుకాణానికి వెళ్లండి. ట్రిగ్గర్ కొలిపించి, వచ్చిన అంకెనూ తేదీనూ ఒక కాగితం మీద రాసి లైసెన్సు పుస్తకంలో పెట్టుకోండి.