మునిగిపోయిన ఊరు – మిగిలిన ఫొటోలు



మేరీ జోన్స్ అనే బాలిక కథ మన సండే స్కూలు పిల్లలలో చాలామందికి తెలుసు. 1800 సంవత్సరములో, తన సొంత వేల్షు భాషలో బైబిలు కొనుక్కోవాలని ఆమె కొండదారిని దాదాపు 40 కిలోమీటర్లు నడిచి బాలా పట్టణానికి వెళ్లింది. 1804లో లండనులో బైబిలు సొసైటీ ఏర్పడడానికి ఆ ప్రయాణము ఒక ప్రేరణ అని చెబుతారు. అదే బాలాకు కొద్ది మైళ్ల దూరములో ఉండిన మరో ఊరిని గూర్చి ఇప్పుడు ఆలోచిద్దాము. ఆ ఊరు నేడు లేదు. దాని ఫొటోలు ఉన్నాయి.

ఆ ఊరి పేరు కాపెల్ కెలిన్. వేల్షు భాషలో ‘కాపెల్’ అంటే ప్రార్థనా మందిరము. ఊరంతా కలిపి ఒక చిన్న మందిరము, ఒక బడి, ఒక పోస్టాఫీసు, కొన్ని ఇళ్లు, చుట్టూ గొర్రెలు మేసే కొండవాలు, అంతే. లివర్‌పూల్ నగరానికి నీళ్ల కోసము ఆ లోయలో జలాశయము కట్టుటకు 1957లో బ్రిటిషు పార్లమెంటు చట్టము చేసింది. వేల్సుకు చెందిన 36 మంది సభ్యులలో 35 మంది వ్యతిరేకించినా ఆగలేదు. అక్కడి 67 మందిలో 48 మంది ఇళ్లు కోల్పోయారు. 1963 సెప్టెంబరులో మందిరములో చివరి ఆరాధన జరిగింది. సమాధులలో నుండి ఎనిమిది మంది అవశేషములను మాత్రమే వేరే చోటికి మార్చారు. 1965 అక్టోబరులో జలాశయమును ప్రారంభించారు.

ఆ సంవత్సరములలో జెఫ్ ఛార్లెస్ అనే పత్రికా ఫొటోగ్రాఫరు కెమెరాతో ఆ లోయకు వెళ్లాడు. బడి పిల్లలను, పొలాల మధ్య ఇళ్లను, ఆ ఇళ్లలోని మనుషులను ఫొటోలు తీశాడు. 1956లో ఊరివారు లివర్‌పూల్ వీధులలో చేసిన ఊరేగింపును కూడ తీశాడు. ఆయన తీసిన దాదాపు 1,20,000 నెగెటివులు నేడు వేల్సు జాతీయ గ్రంథాలయములో భద్రముగా ఉన్నాయి.

ఆయనకు ముందే ఈ పని చేసినవాడు జాన్ థామస్ (1838–1905). పల్లెలో పుట్టి, బట్టల దుకాణములో పనికి లివర్‌పూల్ చేరినవాడు. మొదట వేల్షు బోధకుల ఫొటోలు తీసి అమ్మాడు. తరువాత వేల్సు అంతటా తిరిగి పల్లెలను, మందిరములను, పేదలను కూడ తీశాడు. ఆయన గాజు పలకలు 3,000కు పైగా అదే గ్రంథాలయములో ఉన్నాయి.

“ఫొటోలు ఆ ఊరిని కాపాడాయా?” అని మీరు అడగవచ్చు. లేదు, నీళ్లను అవి ఆపలేకపోయాయి. అయితే అక్కడ ఎవరూ లేరని, పోయినది ఏమీ లేదని ఇక ఎవరూ చెప్పలేరు. ఆ పిల్లల ముఖములే సాక్ష్యము. 2005లో లివర్‌పూల్ నగర పాలక మండలి ఆ ప్రజలకు క్షమాపణ చెప్పింది. నలభై సంవత్సరములు గడిచినా ఆ సంగతి మరుగున పడలేదు.

యెహోషువ గ్రంథము 4వ అధ్యాయములో ఇశ్రాయేలీయులు యొర్దాను నది నడుమ నుండి పన్నెండు రాళ్లు తెచ్చి నిలిపారు. ఎందుకు? రేపు పిల్లలు అడిగినప్పుడు చూపించి చెప్పడానికి. మంచి ఫొటో కూడ అటువంటి రాయే.

ప్రియులారా, మీ సంఘము పాత మందిరమును పడగొట్టి కొత్తది కట్టబోతున్నదా? గునపము పడకముందే దాని గోడలను, గంటను, బల్లలను, వాటి మీద కూర్చునే వృద్ధులను ఫొటోలు తీయండి. ప్రతి ఫొటో వెనుక పేర్లు, ఊరు, సంవత్సరము వ్రాయండి. పేరు లేని ముఖము ఒక తరము గడిస్తే అపరిచితమైపోతుంది. మీ మనుమలు “వీరెవరు?” అని అడిగే దినమున జవాబు చెప్పడానికి మీరు ఉండకపోవచ్చు. మీరు వ్రాసిన ఆ ఒక్క వరుస ఉంటుంది.

దేవుడు మిమ్మును దీవించును గాక.