తట్ట నుండి తాపీ దాకా

విశాఖపట్టణమునుండి అరకులోయకు రైలులో పోవువారు సొరంగము వెంట సొరంగము దాటుచు ఆశ్చర్యపడుదురు. బైలదిల్లా ఇనుప ఖనిజమును రేవునకు చేర్చుటకై 1960లో చేపట్టబడిన కొత్తవలస–కిరండూల్ మార్గము 1966–67లో ప్రారంభమైనది. ఇందులో 58 సొరంగములు కలవు. శిమిలిగుడ స్టేషను సముద్రమట్టమునకు సుమారు 996 మీటర్ల ఎత్తున ఉన్నది. ఇట్టి కట్టడముల చరిత్రలో టన్నులు, మీటర్లు, ఇంజనీర్ల పేర్లు కనబడును. మట్టి మోసిన తట్టల లెక్క మాత్రము కనబడదు. ఆ తట్టలలో ఎక్కువ భాగము స్త్రీల నెత్తిపైననే ఉండెడివి.

ఈ కొండలలో ఇల్లు కట్టుట ఇంటిల్లిపాది పని. నిట్రాళ్లు నాటి కప్పు వేయుట పురుషుల వంతు. గోడలకు మట్టి మెత్తి, ఎర్రమట్టి పూసి, పేడతో అలుకుట స్త్రీల వంతు. బంకమన్ను ఆరునప్పుడు కుదించుకొని బీటలు వారును. గడ్డిపరకలు కలిపినచో ఆ బీట వ్యాపింపదు. మన్ను ఎంత, ఇసుక ఎంత, నీరు ఎంత అన్నది చేతితో నలిపి చెప్పగల నేర్పు ఆ స్త్రీలకు కలదు. అయినను, అదే స్త్రీ పట్టణములో సిమెంటు పనికి పోయినచో ఆమె కేవలము కూలి. తాపీ మేస్త్రి చేతిలోనే ఉండును.

మోయుట కూడ నేర్పు లేని పని కాదు. కెన్యా స్త్రీలపై జరిపిన పరిశోధన 1986లో వెలువడినది. తమ శరీరభారములో ఐదవ వంతు బరువును నెత్తిన మోసినను, వారికి అదనపు శక్తి ఖర్చు కాలేదని అందు తేలినది. అది చిన్ననాటినుండి అలవడిన నడకలోని నేర్పు.

మరి వ్యత్యాసము ఎక్కడ పుట్టినది? తాపీపని బడిలో నేర్చునది కాదు. మేస్త్రి వెంట తిరిగి, తూకపు గుండు, రసమట్టము పట్టి నేర్చునది. తండ్రి కొడుకును వెంట తీసికొని పోవును గాని కూతురును కాదు. 1976లో వచ్చిన సమాన వేతన చట్టము ఒకే విధమైన పనికి ఒకే వేతనమని శాసించినది. ఆ సూత్రమే 2019 నాటి వేతన స్మృతిలో చేరినది. కాని పని వేరు, పేరు వేరు అయినచోట ఈ సూత్రము సులభముగా అందదు. 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టము, 50 మందికి మించి స్త్రీలు పనిచేయు చోట పిల్లలకు ప్రత్యేకపు గది ఉండవలెనన్నది. చిన్న మేస్త్రుల క్రింద పనిచేయు స్త్రీలకు అదియు దక్కదు.

ఈ మరుపు మనదేశమునకే పరిమితము కాదు. రెండవ ప్రపంచ యుద్ధకాలమున లండనులోని వాటర్లూ వంతెన పనిలో స్త్రీలు పెద్ద సంఖ్యలో పాల్గొనిరి. 1945లో ప్రారంభోత్సవమున పొగడ్త పురుషులకే దక్కినది.

తలుపులు తెరచినవారును కలరు. పదునెనిమిదవ ఏట భర్తను కోల్పోయిన తెలుగు యువతి అయ్యలసోమయాజుల లలిత, 1943లో మద్రాసు గిండీ కళాశాలనుండి విద్యుత్ ఇంజనీరై, భాక్రా–నంగల్ విద్యుత్ పనులలో పాలుపంచుకొనెను. పట్టాపై అచ్చయిన ‘అతడు’ అను మాటను కొట్టివేసి ‘ఆమె’ అని వ్రాయవలసి వచ్చినది. అచటనే చదివిన పి. కె. త్రేసియా 1971లో కేరళ ప్రజాపనుల శాఖకు ప్రధాన ఇంజనీరు అయ్యెను. 2025 జూన్ 6న ప్రారంభమైన, 359 మీటర్ల ఎత్తుగల చినాబ్ రైలు వంతెనకు, కొండవాలుల స్థిరత్వముపై 17 సంవత్సరములు సలహా ఇచ్చిన గాలి మాధవీలత ప్రకాశం జిల్లావారు.

ఇంజనీరు పదవికి దారి ఏర్పడినది. తాపీకి దారి ఇంకను సన్నగనే ఉన్నది. అయినను అది అసాధ్యము కాదు. జార్ఖండ్‌లో స్వచ్ఛ భారత్ కాలమున మరుగుదొడ్లు కట్టుటకు మేస్త్రులు చాలక, గ్రామస్త్రీలకు ఆ పని నేర్పిరి. వారికి ‘రాణీ మిస్త్రీ’ అని పేరు వచ్చినది. చేయి అదే, మన్ను అదే. మారినది పనిముట్టు, దానితోపాటు కూలి.

అరకు గోడలపై మట్టిని నునుపుగా మెత్తు చేతికి తాపీ పట్టుట కష్టము కాదు. దానిని ఎవరు అందింతురన్నదే ప్రశ్న. పాఠశాలలో కొలతలు, మట్టము, తూకము నేర్పునప్పుడు బాలికల చేతికి కూడ రసమట్టము ఇచ్చు ఉపాధ్యాయుడు ఆ జవాబునకు తొలి రాయి వేసినవాడగును.