నొప్పించిన తండ్రి, పరలోకపు తండ్రి: గోదావరి గట్టున ఒక పరిచర్య చరిత్ర

కన్నతండ్రి చేతిలో దెబ్బలు తిన్నవారికి, తాగి వచ్చే తండ్రి అడుగుల చప్పుడుకే వణుకుతూ పెరిగినవారికి దేవుణ్ణి తండ్రిగా పిలవడం కష్టమవుతుంది. ప్రార్థనలో ఆ పిలుపు దగ్గరికి వచ్చేసరికి భయమో కోపమో గొంతుకు అడ్డుపడుతుంది. ఇలాంటివారికి తోడు నిలిచే పనికి క్రైస్తవ కౌన్సెలింగ్ అనే పేరు ఇటీవలిదే. సారపాక, భద్రాచలం ప్రాంతంలో ఆ కథను దుమ్ముగూడెం మిషన్ నుంచి చెప్పుకోవాలి.

సారపాక గోదావరికి కుడి గట్టున, నిజాం రాజ్యంలో ఉండేది. ఎదుటి గట్టున ఉన్న భద్రాచలం తాలూకా 1860లో బ్రిటిష్‌వారి చేతికి వచ్చింది. ఆ రోజుల్లోనే ఎగువన దుమ్ముగూడెంలో ఆనకట్ట పని చూస్తున్న ఇంజనీరు హేగ్ కోయల మధ్య సువార్త పనికి పూనుకున్నాడు. ఆయన ప్రభావంతో క్రైస్తవుడైన ప్రభుత్వోద్యోగి వెంకటరామరాజు కొలువు వదిలి ఆ పనిలో దిగాడు. చర్చ్ మిషనరీ సొసైటీ దాన్ని తన కిందికి తీసుకుంది. 1870ల్లో వచ్చిన జాన్ కెయిన్ దశాబ్దాల పాటు అక్కడే ఉండి, కోయల ఆచారాల మీద ‘ఇండియన్ యాంటిక్వరీ’ పత్రికలో వ్యాసాలు రాశాడు.

ఈ అడవి పల్లెల్లో పెద్ద కొలువులు అమ్మలవి. ముత్యాలమ్మ, సమ్మక్క, సారలమ్మ. వారితోపాటు వంశపు పెద్దలకు మొక్కులుండేవి. అలాంటి చోట పైనున్న దేవుణ్ణి తండ్రిగా చెప్పినప్పుడు, వినేవారి మనసులో మెదిలేది ఎవరి తండ్రి వారికే. మంచి తండ్రి ఉన్నవారికి ఆ బోధ సులువుగా అందుతుంది. లేనివారి సంగతి బోధకులకు వెంటనే తట్టే విషయం కాదు.

కోయ భాషలోకి ముందుగా వెళ్లిన బైబిలు భాగాల్లో లూకా సువార్త ఒకటి. తప్పిపోయిన కుమారుడి కథ ఉన్నది అందులోనే. గ్రియర్సన్ భారత భాషా సర్వేలో ప్రతి భాషకూ నమూనాగా ఎంచుకున్నదీ ఈ కథనే. తండ్రి బతికుండగానే వాటా అడిగి పట్టుకుపోయిన కొడుకు ఏ ఊళ్లోనైనా తలవంపే. ఈ తండ్రి మాత్రం పెద్దరికం పక్కన పెట్టి, దూరాన కొడుకు కనబడగానే పరుగెత్తి ఎదురువెళ్తాడు. కొట్టే తండ్రినే ఎరిగినవారికి వేరే రకం తండ్రి ఉండగలడని చూపడానికి ఇంతకు మించిన కథ లేదు.

1912లో దోర్నకల్ బిషప్ అయిన వి.ఎస్. అజరయ్య కాలంలో పల్లె సంఘాలు విస్తరించాయి. ఆయన తాగుడును గట్టిగా వ్యతిరేకించాడు. ఇళ్లకు వెళ్లి పలకరించడం, కలిసి ప్రార్థించడం, తప్పు చేసినవారిని సంఘ పెద్దల ముందు నిలబెట్టడం, ఆనాటి పరామర్శ ఇంతే. తాగే తండ్రికి మందలింపు దొరికినా, పిల్లకు మాత్రం తల్లిదండ్రులను సన్మానించాలనే ఆజ్ఞే వినిపించేది. ఎఫెసీ పత్రికలో ఆ ఆజ్ఞను గుర్తుచేసిన వెంటనే పిల్లలకు కోపం పుట్టించవద్దని తండ్రులను హెచ్చరించిన పౌలు మాట అంతగా వినిపించకపోవడం పెద్ద లోటు.

దేవుణ్ణి నిలదీసే చనువు ఈ గట్టుకు కొత్త కాదు. 17వ శతాబ్దంలో గోల్కొండ చెరలో ఉన్న భద్రాచల రామదాసు, తాను చేయించిన నగలు నీ తండ్రి దశరథుడు పెట్టాడా అని రాముణ్ణే అడిగాడు. తన మొర రాముడికి చెప్పమని సీతమ్మను వేడుకున్నాడు. బైబిలు కీర్తనల గ్రంథంలోనూ ఇలాంటి ఫిర్యాదులు నిండా ఉన్నాయి. 88వ కీర్తన చీకటితోనే ముగుస్తుంది.

పాశ్చాత్య దేశాల్లో కన్నతండ్రికీ దేవుడి రూపుకీ ఉన్న సంబంధం మీద చర్చను రేపినవాడు ఫ్రాయిడ్. దేవుడంటే పెద్దగా చేసి చూసుకున్న తండ్రేనని 1913లోనే అన్నాడు. అది విశ్వాసానికి కొట్టిన దెబ్బగా కనిపించినా, కాపరులు అందులోంచి ఒక మేలుకొలుపు తీసుకున్నారు. ఇంగ్లండ్ గురువు జె.బి. ఫిలిప్స్ 1952 నాటి పుస్తకంలో మనుషులు పెట్టుకునే తప్పుడు దేవుళ్ల లెక్కలో తల్లిదండ్రుల నీడనూ చేర్చాడు. వైద్య మిషనరీగా భారత్‌కు వచ్చి వెల్లూరులో పనిచేసిన ఫ్రాంక్ లేక్, తిరిగి వెళ్లాక 1958 నుంచి గురువులకు మానసిక వైద్యం మీద తరగతులు నడిపాడు. వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాల 1957లో బాగాయంలో తెరిచిన మానసిక ఆరోగ్య కేంద్రంలో రోగితోపాటు ఇంటివారినీ ఉంచుకున్నారు. నొప్పి ఇంట్లో పుట్టినప్పుడు మందు కూడా ఇంటికే వేయాలన్నది అక్కడి పద్ధతి.

మనోవిశ్లేషకురాలు అనా మరియా రిజుటో 1979లో ఫ్రాయిడ్ మాటను సరిదిద్దింది. మనసులోని దేవుడి రూపు తండ్రి ఒక్కడి నుంచే రాదు. తల్లి, అమ్మమ్మ తాతయ్యలు, దగ్గరివారంతా అందులో ఉంటారు, వయసుతోపాటు అది మారుతుంది కూడా. మనస్తత్వవేత్తలు లీ కర్క్‌పాట్రిక్, ఫిలిప్ షేవర్ 1990లో చేసిన పరిశీలనలో, ప్రేమ దొరకని ఇళ్లలో పెరిగిన కొందరు దేవుడిలోనే ఆ లోటు తీర్చుకున్నట్టు కనిపించింది.

1965లో గోదావరిపై వంతెన, 1979లో కాగితపు అట్టల మిల్లు వచ్చాక సారపాక పనివారి ఊరైంది. ఉద్యోగానికి వచ్చి క్వార్టర్లలో కాపురం పెట్టినవారికి, తండ్రి చేయి లేచినప్పుడు అడ్డుపడే తాతా మేనమామా పక్కన ఉండరు. అలాంటి చోట పాస్టరు మీద పడే భారం ఎక్కువ.

పని తెలిసిన కౌన్సెలర్లు ముందు వింటారు. క్షమించమని తొందరపెట్టరు, క్షమించడమంటే మళ్లీ ఆ ఇంట్లోకి వెళ్లి దెబ్బలు తినడం కాదని స్పష్టంగా చెబుతారు. తండ్రి అని పిలవలేనివారిని కొంతకాలం కాపరీ అనో ఆశ్రయమా అనో ప్రార్థించనిస్తారు. తల్లిలా ఆదరిస్తానని యెషయా గ్రంథంలో దేవుడు చెప్పిన భాగాన్నీ, కన్నవారు విడిచినా దేవుడు చేరదీస్తాడనే 27వ కీర్తననూ చదివిస్తారు. నిద్ర పట్టకపోవడం, చచ్చిపోవాలనే తలపులు ఉంటే వైద్యుడి దగ్గరికి పంపుతారు. 2022లో మొదలైన టెలి మానస్ 14416 నంబరులో తెలుగులోనూ మాట్లాడవచ్చు. పిల్లల మీద లైంగిక దాడి జరిగిందని తెలిస్తే, 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి. పాస్టరు దగ్గర రహస్యంగా చెప్పుకున్నారన్న కారణం అందుకు మినహాయింపు కాదు.