నలుపు నారాయణ మెచ్చు - మరి ఒళ్ళో?

కృష్ణదేవిపేట అనగానే ఎవరికైనా అల్లూరి సీతారామరాజు గుర్తుకొస్తాడు. 1922 ఆగస్టు 23న ఆయన దండు పోలీసు ఠాణా మీద పడిందీ, ఆయన సమాధి ఉన్నదీ ఆ ఊళ్ళోనే. ఆ ఊరి వెనకున్న మన్యంతో మన ఆడవాళ్ళకి ఇంకో చుట్టరికం కూడా ఉంది. తలంటుకి కుంకుళ్ళూ, శీకాయా ఇచ్చింది ఆ అడవులే కదా! తల నెరిస్తే గోరింటాకూ, గుంటగలగరా పెరట్లో ఉండేవి. ఇప్పుడేమో ఏ ఊరి కొట్లోనైనా రంగు పొట్లమే. దాని చరిత్ర మాత్రం మన పెరట్లో మొదలవలేదు.

1856లో లండనులో పెర్కిన్ అనే పద్ధెనిమిదేళ్ళ కుర్రాడు క్వినైను చెయ్యబోతే, బొగ్గు తారు సరుకులోంచి ఊదారంగు వచ్చింది. ఆ తారు రంగుల వంశంలోదే పారాఫినిలిన్ డయామిన్. 1907లో పారిస్‌లో షూలర్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు కృత్రిమ తలరంగు తయారుచేసి అమ్మకానికి పెట్టాడు. లోరియల్ కంపెనీకి అదే నాంది.

ఈ పదార్థం పెరాక్సైడు కలిశాక వెంట్రుకలో నల్లబడుతుంది. అణువు చిన్నది కాబట్టే వెంట్రుకలోకి దూరగలుగుతుంది, కొంచెం మాడు చర్మంలోంచి ఒంట్లోకీ దిగుతుంది. చాలామందికి ఏమీ కాదు. కొందరికి అసలు గిట్టదు. ఒళ్ళు ఒకసారి పగబట్టిందా, రాసినప్పుడల్లా దురద, పొక్కులు, ముఖమంతా వాపు!

1933 ప్రాంతంలో అమెరికాలో 'లాష్ లూర్' అనే కనురెప్పల రంగు వేయించుకుని కొందరు చూపు పోగొట్టుకున్నారు. ఒకావిడ ప్రాణమే పోయింది. సౌందర్య సాధనాల జోలికి వెళ్ళే అధికారం అప్పటి చట్టానికి లేదు. 1938లో కొత్త చట్టమైతే వచ్చింది గానీ, తారు తలరంగులకి మినహాయింపు దొరికింది. హెచ్చరిక ముద్రిస్తే చాలునట!

దాదాపు అవే మాటలు మన దేశపు నిబంధనల్లోకీ వచ్చాయి, స్థానిక భాషలో కూడా వెయ్యాలన్న షరతుతో. చెవి వెనకో, ముంజేతి లోపలో కాస్త రాసి 24 గంటలు చూడాలి. వేసుకునే ప్రతిసారీ చూడాలి. కనుబొమలకీ, రెప్పలకీ అసలు వద్దు. పొట్లం మీది ఆ చీమతలకాయంత అక్షరాలు, ముక్కూ మొహం తెలియని ఆడవాళ్ళు కళ్ళు పోగొట్టుకుని మనకి రాయించి పెట్టినవి.

అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2010 నివేదికలో, ఇంట్లో వేసుకునేవారి సంగతి తేల్చడానికి ఆధారాలు చాలవంది. రోజంతా ఈ పనిలో ఉండే క్షురకులకీ, పార్లరు పనివారికీ మాత్రం ఆ వృత్తి బహుశా క్యాన్సరు తేవచ్చని చెప్పింది. అంచేత ఈసారి పార్లరుకి వెళ్తే అద్దం సంగతి తర్వాత. మన తలకి రంగు పూసే ఆ పిల్ల చేతులకి తొడుగులున్నాయో లేదో ముందు చూడండి.