ఉర్వారుకం: మృత్యుంజయ మంత్రంలో కన్నెపిల్లల గొంతు

మృత్యుంజయ మంత్రం మీద తెలుగులో వచ్చిన రచనలు చాలావరకు రోగి మంచం దగ్గర మొదలై అక్కడే ముగుస్తాయి. అపమృత్యువు తొలగుతుంది, ఆయువు పెరుగుతుంది, ఇన్ని వేల జపానికి ఇంత ఫలం. మంత్రం నడుమ ఉన్న దోసపండుకు మాత్రం ఒక్క వాక్యం దక్కుతుంది. ఆ పండును పక్కనపెట్టి ఈ మంత్రానికి అర్థం చెప్పడం కుదరదని నా వాదన. ‘మృత్యుంజయ’ అన్న మాట మంత్రంలో ఎక్కడా లేదు. ‘ఉర్వారుకం’, అంటే ఆ దోసపండు, ఉంది.

ఈ వాదన నాకు పుస్తకాల్లో పుట్టలేదు. సిద్ధవటం దగ్గర, పెన్నా ఒడ్డున ఒక దోసతోటలో పుట్టింది. పండిన కాయ ఒకటి చూపి కోసివ్వమని రైతును అడిగాను. “కోసేదేముంది సార్, తీగె ఎప్పుడో ఇడిసిపెట్టింది. ఎత్తుకోవడమే” అన్నాడాయన. వంగి చూస్తే తొడిమ చుట్టూ సన్నని చీలిక. పండు మాత్రం పాదులో ఉన్నచోటనే ఉంది. పక్కనున్న పచ్చికాయను లాగితే తీగె కూడా లేచి వచ్చింది. పండు ముదిరేకొద్దీ ఎథిలీన్ వాయువు ప్రభావంతో తొడిమ మొదట్లో ఒక కణాల పొర సడలిపోతుందని వృక్షశాస్త్రం చెబుతుంది. మామిడిపండు విడితే కింద పడుతుంది. నేల మీద పాకే తీగెకు కాసిన పండు పడదు, ఉన్నచోటే ఉండి విడుతుంది. మంత్రద్రష్ట చెట్టు పండ్లను వదిలి తీగెపండును ఎంచుకున్నది ఇందుకే.

రాల్ఫ్ గ్రిఫిత్‌తో నా తగాదా ఇక్కడే. 1889 నుంచి కాశీలో అచ్చయిన ఆయన ఋగ్వేదానువాదం ఉర్వారుకాన్ని కుకుంబర్ చేసింది. కుకుంబర్ అనగానే మన కళ్ళముందుకు వచ్చేది కీరదోస. దాన్ని లేతగా ఉండగానే కోస్తాం. తుంచితేనే తీగెను వదులుతుంది. ఆ ఒక్క మాటతో విడుదల కాస్తా కోత అయింది, శివుడు భక్తుణ్ణి చావు నుంచి బలవంతాన తెంపుకొచ్చేవాడయ్యాడు. అమరకోశం ఉర్వారువును కర్కటి అంటుందనీ, కర్కటి కీరదోసకూ చెల్లుతుందనీ ఒప్పుకుంటాను. అయినా ‘బంధనాత్’, అంటే ‘కట్టు నుంచి’, అన్న మాట పక్కన నిలవగలిగేది తనంతట తాను విడే పండే.

అసలు ఆధారం యజుర్వేదంలో ఉంది. చాతుర్మాస్య యాగాల్లో సాకమేధ పర్వం చివర త్ర్యంబక హోమం చేస్తారు. ఇంట్లో ఎందరుంటే అన్ని ఏకకపాల పురోడాశాలు (ఒక్కొక్క పెంకు మీద కాల్చే హవిస్సు రొట్టెలు), వాటికి తోడు మరొకటి. ఆ ఎక్కువ పురోడాశాన్ని ఎలుక తవ్విన మట్టిలో పూడుస్తారు. నాలుగు దారులు కలిసేచోట హోమం. శతపథ బ్రాహ్మణం రెండో కాండ ఈ తంతునంతా వివరిస్తూ, అగ్ని చుట్టూ కన్నెపిల్లలు కూడా తిరగాలంటుంది. వాళ్ళు పలికేదీ ఈ మంత్రమే, రెండు మూడు మాటల తేడాతో. వాజసనేయి సంహిత మూడో అధ్యాయం 60వ మంత్రంలో రెండు రూపాలూ పక్కపక్కనే కనిపిస్తాయి. పుష్టివర్ధనుడు ఉన్నచోట పతివేదనుడు, అంటే మగణ్ణి చూపించేవాడు, వస్తాడు. మృత్యువుకు బదులు ‘ఇతః’, అమృతానికి బదులు ‘అముతః’. ఇక్కడినుంచి అంటే పుట్టింటివారి నుంచి, అక్కడినుంచి అంటే భర్త నుంచి అని బ్రాహ్మణమే విప్పి చెప్పింది. పుట్టింటి తొడిమ నుంచి విడిపించు, మెట్టినింటి నుంచి మాత్రం వద్దు అని ఆ పిల్లల మొక్కు.

ఇది ఒంటరి సాక్ష్యం కాదు. అథర్వవేదం పద్నాలుగో కాండలోని వివాహసూక్తం అర్యముడనే దేవుణ్ణి పతివేదనుడిగా కొలుస్తూ ఇదే ఉర్వారుకాన్ని తలుస్తుంది. ఋగ్వేదంలో సూర్యుడి కూతురు సూర్య పెళ్ళి చెప్పే 10.85వ సూక్తంలోనూ ఇతః, అముతః జంట వినిపిస్తుంది. ఇక మన మంత్రం ఋగ్వేదంలో ఎక్కడుంది? మరుత్తులను స్తుతించే 7.59వ సూక్తం చివర, పన్నెండోదిగా. ఋగ్వేదాన్ని మాట మాటగా విడదీసిన శాకల్యుడు పదపాఠం చెయ్యకుండా వదిలిన ఆరు మంత్రాల్లో ఇదొకటి. అంటే బయటినుంచి వచ్చి అక్కడ చేరింది. ఎక్కడినుంచి? పెళ్ళిపందిరి నుంచేనని నేను నమ్ముతున్నాను. చావు మాట తరవాత చేరింది. మార్కండేయుడి కథ ఆ తరవాతి భక్తికి చెందినది.

జపఫలాన్ని ఈ వెలుగులోనే చూడాలి. 2001లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఒక అధ్యయనంలో 23 మంది ఆరోగ్యవంతుల చేత జపమాల ప్రార్థన, ఒక యోగమంత్రం పలికించారు. వారి శ్వాస నిమిషానికి ఆరుకు దిగింది, రక్తపోటును సర్దే నాడీవ్యవస్థ స్పందన మెరుగుపడింది. అక్కడ పలికించినది మృత్యుంజయ మంత్రం కాకపోయినా, నాలుగు పాదాల అనుష్టుప్పును స్వరంతో, పాదానికొక ఊపిరిగా చదివినవారికి ఆ నెమ్మది అనుభవమే. పట్టు సడలడం శరీరానికి నేర్పే సాధన ఇది. చావును వాయిదా వేయడం దీని పని కాదు. సమయం వచ్చినప్పుడు తీగె చిరగకుండా విడివడేలా మనిషిని పండించడం దీని పని.

అందుకే ఈ మంత్రాన్ని ఆస్పత్రి గుమ్మానికే వదిలేయకూడదంటాను. అప్పగింతల వేళ కూతురి చేయి వదల్లేక నిలబడే తండ్రి చెవిలోనూ ఇది పడాలి. మొదట దీన్ని పలికింది అలాంటి కూతుళ్ళే.