ధర్మకర్తపై దావాకు కాలదోషం

ట్రస్టు ఆస్తిని కాజేసిన ధర్మకర్త మీద, లేదా అశ్రద్ధ వల్ల దాన్ని పాడుచేసిన ధర్మకర్త మీద లబ్ధిదారు వేసే దావా, ఆలస్యం వల్ల ఎప్పుడు చెల్లకుండా పోతుంది? దీన్ని తేల్చే నియమాలు రెండు దారుల్లో పెరిగాయి. ఒకటి, ఏళ్లు లెక్కకట్టి రాసిన కాలపరిమితి చట్టాలు. రెండోది, ఇంగ్లండులో చాన్సరీ కోర్టు నడిపిన సమన్యాయ సూత్రం. దాన్ని వకీళ్లు లాచెస్ అంటారు. తన హక్కుకు భంగం కలిగిందని తెలిసీ ఏళ్లతరబడి ఊరకున్నవారికి కోర్టు చేయూతనివ్వదన్నది దాని సారం.

ప్రామిసరీ నోటుకు మూడేళ్లు దాటితే కాలదోషం పడుతుందని అప్పులిచ్చి పుచ్చుకునేవారందరికీ తెలుసు. ధర్మకర్త విషయంలో లెక్క అంత సులువు కాదు. ఆస్తి ఇంకా ఆయన చేతిలోనే ఉందా, జరిగింది మోసమా పొరపాటా, లబ్ధిదారుకు సంగతి ఎప్పుడు తెలిసింది అన్నవాటిని బట్టి గడువు మారుతుంది. కొన్ని సందర్భాల్లో గడువన్నదే ఉండదు.

స్మృతుల్లో

నమ్మి అప్పగించిన సొత్తును కాలం మింగకూడదన్న ఆలోచన మన ధర్మశాస్త్రాలకు కొత్త కాదు. యజమాని చూస్తుండగా, అతడు అడ్డు చెప్పకుండా, పరాయివాడు ఇరవై ఏళ్లు అనుభవించిన భూమి, పదేళ్లు అనుభవించిన చరసొత్తు యజమానికి దక్కవని యాజ్ఞవల్క్య స్మృతి చెప్పింది. ఆ వెంటనే మినహాయింపులూ చెప్పింది. తాకట్టు పెట్టినది, దాచమని అప్పగించినది, పొలిమేర, పసివాళ్ల సొత్తు, మతి సరిగా లేనివారి సొత్తు, స్త్రీలది, రాజుది, శ్రోత్రియులది ఈ నియమం కిందికి రావు. కళ్యాణి చాళుక్యుల కాలంలో మితాక్షర రాసిన విజ్ఞానేశ్వరుడు ఇంకో అడుగు ముందుకు వేసి, యజమాని పోగొట్టుకునేది గడిచిన ఏళ్ల ఫలసాయాన్నే గాని భూమిని కాదని వ్యాఖ్యానించాడు. పదమూడో శతాబ్దంలో కేతన విజ్ఞానేశ్వరీయం పేరుతో ఆ గ్రంథాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు.

చాన్సరీ కోర్టు నుంచి 1888 దాకా

ఇంగ్లండులో 1623 నాటి కాలపరిమితి చట్టం బాకీల వంటి వ్యాజ్యాలకు ఆరేళ్ల గడువు పెట్టింది. అది మామూలు న్యాయస్థానాలను ఉద్దేశించిన చట్టం. ట్రస్టులను గుర్తించింది మాత్రం చాన్సరీ కోర్టు ఒక్కటే. ఆ గడువుకు తాను కట్టుబడాల్సిన పని లేకపోయినా, తగిన చోట చాన్సరీ దాన్నే పోలికగా తీసుకుని నడిచేది. పాతబడిపోయిన దావాలకు సమన్యాయం ఏనాడూ తోడు రాలేదని 1767లో స్మిత్, క్లే కేసులో లార్డ్ కామ్డెన్ స్పష్టం చేశాడు.

పత్రం రాసి నియమించిన ధర్మకర్తకు ఈ రక్షణ దొరకలేదు. కారణం సూటిగానే ఉంది. ఆస్తి ఆయన దగ్గర ఉన్నా అది లబ్ధిదారు తరఫున ఉన్నట్టే. అలాంటప్పుడు ఎన్నేళ్లు గడిస్తే మాత్రం ఆ స్వాధీనం లబ్ధిదారుకు ఎదురెలా తిరుగుతుంది? 1833 నాటి స్థిరాస్తి కాలపరిమితి చట్టం, 1873 నాటి జుడికేచర్ చట్టం ఈ సూత్రాన్నే శాసనంగా రాశాయి.

అయితే ఇందులో నిజాయితీపరులూ నలిగిపోయారు. స్నేహం కొద్దీ, రూపాయి తీసుకోకుండా బంధువుల పిల్లల సొమ్ము చూసిన మనిషి, పొదుపు సొమ్మును ఎక్కడ పెట్టాలో తెలియక తప్పు చేస్తే, దశాబ్దాల తరవాత కూడా దావా ఆయన ఇంటి తలుపు తట్టేది. కాగితాలు పోయి, సాక్షులు చనిపోయాక ఆయన, లేదా ఆయన వారసులు, ఏమని జవాబు చెప్పగలరు? 1888 నాటి ట్రస్టీ చట్టం ఎనిమిదో సెక్షన్ ఈ అన్యాయాన్ని సరిదిద్దింది. ధర్మకర్త కూడా అందరిలాగే కాలపరిమితిని అడ్డుపెట్టుకోవచ్చని, రెండు సందర్భాల్లో మాత్రం కూడదని నిర్ణయించింది. ఆయన మోసం చేసినా, మోసంలో పాలుపంచుకున్నా గడువు వర్తించదు. ట్రస్టు ఆస్తి గాని, దాన్ని అమ్మగా వచ్చిన సొమ్ము గాని ఇంకా ఆయన దగ్గరే ఉన్నా, ఆయన సొంతానికి వాడుకున్నా గడువు వర్తించదు. ఈ చరిత్ర మొత్తంలో ఇంత న్యాయంగా గీసిన గీత మరొకటి కనబడదు. పొరపాటు పడినవాడికీ, దిగమింగినవాడికీ ఒకే గడువు పెట్టకూడదన్న వివేకం అందులో ఉంది. 1939 చట్టం, ఇప్పుడు అమల్లో ఉన్న 1980 చట్టం 21వ సెక్షన్ ఆ గీతనే నిలుపుకున్నాయి. మిగతా ధర్మభంగాలకు, అంటే ధర్మకర్త తన బాధ్యత తప్పిన ఇతర సందర్భాలకు, గడువు ఆరేళ్లు. లబ్ధిదారు హక్కు భవిష్యత్తులో అందేదైతే, అది చేతికి వచ్చే దాకా ఆ ఆరేళ్ల లెక్క మొదలు కాదు.

ఊరకున్నంత మాత్రాన సరిపోదు

లాచెస్‌కు నేటి రూపం ఇచ్చింది 1874లో ప్రీవీ కౌన్సిల్ తేల్చిన లిండ్సే పెట్రోలియం కేసు. ఎన్నేళ్లు గడిచాయన్నది ఒక్కటే చాలదు. ఆ మధ్యకాలంలో ఎవరేం చేశారు, ఇప్పుడు పాత స్థితికి తీసుకుపోతే ఎవరికి నష్టం అన్నవి తూచాలని ఆ తీర్పు చెప్పింది. నాలుగేళ్ల తరవాత వచ్చిన ఎర్లాంగర్ కేసులో ఇది పరీక్షకు నిలిచింది. వెస్టిండీస్‌లోని సోంబ్రెరో దీవి ఫాస్ఫేటు గనుల హక్కును కొందరు 55,000 పౌండ్లకు కొని, తాము స్థాపించిన కంపెనీకే 1,10,000 పౌండ్లకు అమ్మారు. వాటాదారులు సంగతి తెలుసుకుని దావాకు వచ్చేసరికి కొంత కాలం పట్టింది. నిజం దాచిపెట్టినవారు ఆ ఆలస్యాన్ని సాకుగా చూపడాన్ని హౌస్ ఆఫ్ లార్డ్స్ ఒప్పుకోలేదు.

1887 నాటి ఆల్కార్డ్, స్కిన్నర్ కేసు దీనికి ఎదురు ఉదాహరణ. ఆల్కార్డ్ అనే యువతి 1871లో ఒక క్రైస్తవ సన్యాసినుల సంఘంలో దీక్ష తీసుకుంది. దాదాపు 7,000 పౌండ్ల విలువైన ఆస్తిని మఠ పెద్దకు ఇచ్చేసింది. 1879లో సంఘం వదిలి బయటికి వచ్చింది. దావా వేసింది 1885లో. దీక్షలో ఉండగా పెద్దల మాట కాదనలేని స్థితిలో ఇచ్చిన దానం గనుక మొదట్లోనే అడిగి ఉంటే మిగిలిన సొమ్ము తిరిగి వచ్చేదని అప్పీలు కోర్టు ఒప్పుకుంది. కాని బయటికి వచ్చాక ఆమెకు సలహా చెప్పేవారున్నారు, తన హక్కూ ఆమెకు తెలుసు. అయినా ఆరేళ్లు మౌనంగా ఉండిపోయిందంటే దానాన్ని ఆమోదించినట్టేనని ఇద్దరు న్యాయమూర్తులు తేల్చారు. మూడో న్యాయమూర్తి కాటన్ ఒప్పుకోలేదు. ఒక బలమైన సంస్థను ఎదిరించడానికి ధైర్యం కూడగట్టుకోవాలంటే మనిషికి ఎన్నేళ్లు పడుతుందో ఆలోచిస్తే, కాటన్ వైపే మనసు మొగ్గుతుంది.

ఇటీవలి తీర్పుల్లో రెండు ముఖ్యం. ధర్మకర్త మోసానికి సాయపడిన బయటివారు ధర్మకర్తలు కారని, వారికి ఆరేళ్ల గడువు వర్తిస్తుందని 2014లో బ్రిటన్ సుప్రీంకోర్టు విలియమ్స్ కేసులో చెప్పింది. కంపెనీ ఆస్తిని తమ అదుపులోని మరో కంపెనీకి మళ్లించిన డైరెక్టర్లు గడువు చాటున దాక్కోలేరని 2018లో బర్న్‌డెన్ కేసులో తేల్చింది.

భారతదేశంలో

1859 నాటి కాలపరిమితి చట్టం రెండో సెక్షన్‌లోనే ధర్మకర్త బతికుండగా ఆయనపై దావాకు ఎంత కాలమైనా అడ్డు కాదని రాశారు. 1871 చట్టంలో అది పదో సెక్షన్ అయింది. 1877, 1908, 1963 చట్టాల్లోనూ అదే అంకెతో కొనసాగుతోంది. ఒక నిర్దిష్ట ప్రయోజనం కోసం ఆస్తి ట్రస్టుగా ఎవరికి దఖలు పడిందో, ఆ మనిషి నుంచి గాని, ఆయన వారసుల నుంచి గాని ఆ ఆస్తిని రాబట్టుకోవడానికి, లెక్కలు అడగడానికి గడువు లేదు. డబ్బిచ్చి కొన్నవారికి మాత్రం ఇది వర్తించదు. ఇది మౌనంగా ఉన్నవారికి వత్తాసు కాదు. ప్రైవేటు ట్రస్టులకు వర్తించే 1882 నాటి ట్రస్టుల చట్టం ప్రకారం, అన్నీ తెలిసి ధర్మభంగానికి తలూపిన లబ్ధిదారు తరవాత ధర్మకర్తను నిలదీయలేడు.

మన దేశంలో అసలు చిక్కు మఠాలు, దేవాలయాల దగ్గర వచ్చింది. 1921లో విద్యావారుతి తీర్థ కేసులో ప్రీవీ కౌన్సిల్ తరఫున తీర్పు చెప్పిన సయ్యద్ అమీర్ అలీ, మఠాధిపతి ఇంగ్లీషు అర్థంలో ధర్మకర్త కాదని, ఆస్తి దేవుడిదో మఠానిదో అని, ఆయన కేవలం నిర్వాహకుడని వివరించాడు. హిందూ సంప్రదాయాన్ని బట్టి చూస్తే ఇది సరైన మాటే. కాని ఆస్తి దఖలు పడనివాడికి పదో సెక్షన్ ఎలా వర్తిస్తుంది? దేవుడి మాన్యాన్ని మింగిన నిర్వాహకుడు గడువు చూపి తప్పించుకునే సందు తెరుచుకుంది. 1929 మొదటి చట్టంతో ఆ సందు మూశారు. హిందూ, ముస్లిం, బౌద్ధ ధార్మిక ఆస్తులను ట్రస్టు ఆస్తులుగానూ, వాటి నిర్వాహకులను ధర్మకర్తలుగానూ భావించాలని వివరణ చేర్చారు. మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న తెలుగు జిల్లాల సత్రాలు, గుళ్లు, దర్గాలన్నింటికీ ఆ రక్షణ దక్కింది.

అమ్మకాలకు వేరే లెక్క. 1963 చట్టం ప్రకారం, నిర్వాహకుడు సొమ్ము తీసుకుని రాసిచ్చిన స్థిరాస్తి బదిలీని రద్దు చేయించడానికి, ఆ సంగతి వాదికి తెలిసిన నాటి నుంచి పన్నెండేళ్లు. తరవాత వచ్చిన నిర్వాహకుడు స్వాధీనం కోరితే, పాత నిర్వాహకుడు చనిపోయిన, తప్పుకున్న, లేదా తొలగిన తేదీ, తాను నియమితుడైన తేదీ, ఈ రెంటిలో ఏది తరవాతిదైతే అక్కడి నుంచి పన్నెండేళ్లు.

ఈ వెసులుబాటు లేని పాత వ్యవహారాల్లో దెబ్బ ఎంత గట్టిగా తగిలేదో సారంగదేవ పెరియ మఠం కేసు చూపుతుంది. 1883లో అప్పటి మఠాధిపతి భూమిని శాశ్వత కౌలుకు ఇచ్చాడు. 1915లో మఠాధిపతి వారసుణ్ణి చెప్పకుండా కన్నుమూశాడు. అప్పటి నుంచి కౌలుదారులు శిస్తు చెల్లించలేదు. 1939 దాకా మఠానికి అధిపతే లేడు. అయినా గడువు 1915 నుంచే నడిచిందని, 1927కల్లా మఠం హక్కు అంతరించిందని 1960లలో సుప్రీంకోర్టు తేల్చింది. మఠం చట్టం దృష్టిలో వ్యక్తే గనుక దాని మీదా కాలం నడుస్తుందన్నది కోర్టు తర్కం. తర్కం గట్టిదే. కాని దావా వేయడానికి మఠాధిపతి అన్నవాడే లేని ఏళ్లను ఆ మఠం ఖాతాలో రాయడం కఠినమైన న్యాయం.

వక్ఫ్ ఆస్తుల విషయంలో పార్లమెంటు ఎక్కువ దయ చూపింది. దేశ విభజన కల్లోలంలో పోయిన స్వాధీనాల కోసం 1959లో గడువు పొడిగించింది. 1995 వక్ఫ్ చట్టం 107వ సెక్షన్‌తో స్థిరాస్తి స్వాధీనం దావాలకు కాలపరిమితినే తీసేసింది. 2025 సవరణ ఆ సెక్షన్‌ను మార్చి, ఆ మినహాయింపును తొలగించింది. ఇకపై ఆక్రమణదారులపై వేసే దావాలకు మామూలు గడువులే వర్తిస్తాయి. వక్ఫ్ సొత్తును తన దగ్గరే అట్టిపెట్టుకున్న ముతవల్లి (వక్ఫ్ నిర్వాహకుడు)పై దావాకు మాత్రం పదో సెక్షన్, దానికి 1929లో చేర్చిన వివరణ ఇప్పటికీ తోడున్నాయి.