పెంటతట్ట ఎవరి నెత్తిన? బొగ్గుగనుల సీమలో సేంద్రియ కూరగాయల చరిత్ర

సేంద్రియం అనే మాట కొత్తది, పని పాతది. యూరియా చల్లకుండా, పురుగుమందు కొట్టకుండా వంకాయ, బీర, పుంటికూర పండించడం తెలంగాణ పల్లెలకు ఎవరో వచ్చి నేర్పిన విద్య కాదు. అయితే ఆ పని ఎవరి చేతుల మీదుగా నడిచిందో మన చరిత్ర పుస్తకాల్లో వెతికినా దొరకదు. దొర తోట ఉంటుంది, పటేలు బావి ఉంటుంది. ఆ తోటకు పెంట మోసినామె ఉండదు, ఆ బావికి మోట కుట్టినాయన ఉండడు. ఇవాళ పట్నంలో సేంద్రియ కూరగాయల దుకాణాల ముందు కార్లు ఆగుతున్నయి గనుక, ఈ లెక్క ఒకసారి తేల్చుకోవాలని మేం భావిస్తున్నాం. రామగుండం, గోదావరిఖని బొగ్గు ప్రాంతాన్ని ఎంచుకోవడానికి కారణం ఉంది. నేల నుంచి బొగ్గు తీసి, ఆ బొగ్గుతోనే యూరియా చేసి, దాన్ని మళ్లీ నేలకే అమ్మిన చోటు ఇది.

మోట, పెండ, విత్తనం

కరెంటు మోటరు రాకముందు కూరగాయల తోట అంటే మోటబావి. మోట అంటే తోలు. చచ్చిన పశువును ఊరవతలికి ఈడ్చుకపోయి, తోలు ఒలిచి, తంగేడు చెక్కతో ఊనవేసి, బొక్కెన కుట్టి, తొండం అతికి, వార్లు కోసి ఇచ్చింది మాదిగవాళ్లు. ఆ తోలు ఒక్క ఏడు కుట్టకపోతే ఊరి తోటలన్నీ ఎండిపోయేవి. దానికి దక్కింది కల్లం కాడ గింజల మేర, దాంతోపాటు అంటరానితనం. మోట తోలే పని కూడా చాలా ఊళ్లలో జీతగాళ్లదే. వాళ్లలో మాలమాదిగలే ఎక్కువ. తోలు ముట్టిన చెయ్యి మైల, ఆ తోలు తోడిన నీళ్లతో పెరిగిన కూర మాత్రం మైల కాదు! ఈ తర్కం ఏ శాస్త్రంలోదో అడిగినవాడు లేడు.

ఎరువు సంగతీ అంతే. పెండ ఎత్తి, పెంటబొందలో వేసి, ఎండాకాలంలో తవ్వి, తట్టలకెత్తి చెల్కకు చేర్చింది ఎక్కువగా దళిత స్త్రీలు. ఏ పెంట ఎంత మాగిందో, ఏది పచ్చిగా వేస్తే మొక్క వేరు మాడుతుందో చేత్తో పట్టి చెప్పగల జ్ఞానం వాళ్లది. సొరగింజను బూడిదలో కలిపి దాచడం, బీరకాయను పాదు మీదే ఎండనిచ్చి విత్తనానికి విడవడం, చిక్కుడు తీగను తుమ్మకంప మీదికి పాకించడం వాళ్లింటి విద్యలు. ఎవరూ విత్తకుండానే చేన్లలో మొలిచే తుమ్మికూర, దొగ్గలికూర, పొన్నగంటి, గునుగు, పాయలకూర కూలికి పోయినామె ఒడిలో ఇంటికొచ్చేవి. భూమి లేనోళ్ల కూరగాయల తోట అదే, పరాయి చేను గట్టు. కలుపుమందు వచ్చినాక ముందు పోయింది ఆ గట్టు కూరే.

బొగ్గు, ఆ తర్వాత యూరియా

సింగరేణి కథ 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీతో మొదలైంది. 1889లో ఇల్లందు ప్రాంతంలో బొగ్గు తవ్వకం సాగింది. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. గోదావరి ఒడ్డున రామగుండం ప్రాంతంలో గనులు 1960ల మొదట్లో తెరుచుకున్నయి. చుట్టుపక్కల జిల్లాల నుంచి దొరల వెట్టి తప్పించుకోవాలనుకున్న దళిత, వెనుకబడిన కులాల యువకులు తట్టా చెమ్మస్ పట్టుకుని గనిలో దిగారు. గనిలో చావు ఉంది, అయినా నెల తిరిగేసరికి జీతం ఉంది. దొర ముందు చెప్పులిడిచి నిలబడే పని లేదు. బొగ్గుబాయి దళితులకు ఒక విముక్తి అన్నమాట నిజమే. ఆ విముక్తి జీతం వరకే వచ్చింది, భూమి దాకా రాలేదు. అదీ ఎక్కువగా మగవాళ్లకే వచ్చింది. 1952 గనుల చట్టం ఆడవాళ్లను భూగర్భ గనిలోకి రానీయలేదు. మళ్లీ షరతులతో అనుమతి 2019లో గానీ రాలేదు. ఆడవాళ్లకు మిగిలింది కూలి, ఇండ్లల్ల పని, గంప నెత్తిన పెట్టుకుని కాలనీల వెంట కూరగాయలు అమ్మడం.

తర్వాత రామగుండానికి రెండు పెద్ద కర్మాగారాలు వచ్చినయి. జాతీయ థర్మల్ విద్యుత్ సంస్థ కేంద్రానికి 1978లో పునాది పడింది, 1983లో మొదటి యూనిట్ నడిచింది. భారత ఎరువుల సంస్థ కర్మాగారం 1980 నవంబరులో ఉత్పత్తి మొదలుపెట్టింది. గాలిలోని నత్రజనిని తీసుకుని, బొగ్గును వాయువుగా మార్చి హైడ్రోజన్ రాబట్టి, రెంటినీ కలిపి అమ్మోనియా, ఆపైన యూరియా చేయాలన్నది ఏర్పాటు. మన దేశంలో బొగ్గు మీద ఆధారపడి యూరియా చేయబూనిన కర్మాగారాల్లో ఒకటి ఒరిస్సాలోని తాల్చేరు, ఇంకొకటి ఇది. బొగ్గులో బూడిద ఎక్కువ, యంత్రాలకు ఇబ్బందులు ఎక్కువ. సామర్థ్యం ఏనాడూ సరిగా అందుకోలేదు. 1999లో మూతపడింది. అదే ఆవరణలో కొత్త కర్మాగారం 2021 మార్చిలో ఉత్పత్తి మొదలుపెట్టింది. ఇది బొగ్గుతో కాక సహజవాయువుతో నడుస్తుంది. దీని సామర్థ్యం ఏడాదికి 12.7 లక్షల టన్నుల యూరియా.

రెండు వందల తట్టలు

ఇక్కడ ఒక లెక్క వేసి చూద్దాం. యూరియాలో నూటికి 46 పాళ్లు నత్రజని. ఇవాళ్టి 45 కిలోల బస్తాలో ఉన్న నత్రజని 20 కిలోల పైచిలుకు. పశువుల ఎరువులో నత్రజని సుమారుగా నూటికి అర పాలు. అంటే ఒక్క బస్తా యూరియాలోని నత్రజని పెంటతో రావాలంటే దాదాపు 4 టన్నుల పెంట కావాలి. తట్టకు 20 కిలోల లెక్కన 200 తట్టల పైమాటే. పెంట నేలకిచ్చే మెత్తదనం, తేమ నిలిపే గుణం, మిగతా పోషకాలు యూరియాకు లేవు, ఆ సంగతి వేరే. కాని ఆ 200 తట్టలు ఎవరి నెత్తిన పోయినయి? ఈ ప్రశ్న వేయకుండా యూరియాను తిట్టడం సగం చరిత్రే అవుతుంది. యూరియా బస్తా కొన్ని తలకాయల మీద నుంచి తట్ట దింపింది. దళిత స్త్రీ దాన్ని చూసి ఏడవాల్సిన పని లేదు.

అయితే తట్ట దించిన చేత్తోనే బస్తా అప్పు పెట్టింది. పురుగుమందు డబ్బా ఇంకో కూలిమనిషి వీపుకెక్కింది. మందు కొట్టేది కూలివాడు, పీల్చేది కూలివాడు, కళ్లు తిరిగి పడిపోయేదీ కూలివాడే. కూరగాయల మీద మోనోక్రోటోఫాస్ వాడరాదని కేంద్ర ప్రభుత్వం 2005లో నిషేధం పెట్టేనాటికి ఎన్ని తోటల్లో ఎన్ని డబ్బాలు ఒలికినయో!

రసాయనాలు మానడం సాధ్యమేనని తెలుగు నేల మీదే రుజువైంది. సింగరేణి పుట్టిన ఖమ్మం జిల్లాలోనే పునుకుల అనే ఊరు 2003లో పురుగుమందులు మానినట్టు ప్రకటించుకుంది. వరంగల్ వైపు ఏనబావి 2006లో రసాయనాలు లేని ఊరుగా పేరు తెచ్చుకుంది. పద్ధతిలో మాయ లేదు. 5 కిలోల వేపగింజల పప్పు దంచి, రాత్రంతా నానబెట్టి, వడగట్టి, 100 లీటర్ల నీళ్లకు కలిపితే కషాయం. మాయ లేదు గానీ శ్రమ ఉంది. గింజలు ఏరాలి, ఒలవాలి, దంచాలి. మేం పట్టుకున్న ముడి ఇదే. సేంద్రియ సేద్యం అంటే డబ్బు పెట్టే చోట శ్రమ పెట్టడం. భూమి ఒకరిది, శ్రమ ఇంకొకరిది అయినప్పుడు సేంద్రియం పేరుతో అదే పెంటతట్ట అదే నెత్తికి తిరిగి వస్తుంది. భూమి, శ్రమ ఒకరివే అయినప్పుడు ఆ తట్ట బరువు వేరు.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఇప్పుడు ప్రచారంలో ఉన్న సహజ సేద్యంలో దేశీ ఆవు పెండ, ఆవు పంచితం చుట్టూ ఒక పవిత్రత అల్లుతున్నరు. బర్రె పెండ ఊసు అందులో అరుదు. ఆ ఆవు చచ్చినప్పుడు ఎత్తినోళ్ల ఊసు అసలే లేదు. నేలలోని సూక్ష్మజీవికి కులం పట్టింపు లేదు. ఆ పట్టింపు మనుషులు తెచ్చి పెంటలో కలిపింది.

జహీరాబాద్ చెప్పే సంగతి

భూమి ముందు, సేంద్రియం తర్వాత అన్న వరసకు మన దగ్గర పెద్ద ఉదాహరణ ఉంది. అది బొగ్గుసీమది కాదు. పాత మెదక్ జిల్లా జహీరాబాద్ చుట్టుపక్కల ఎర్ర చెల్కలది. 1983లో మొదలైన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ కింద పస్తాపూర్ కేంద్రంగా దళిత స్త్రీలు ఊరూరా సంఘాలు పెట్టుకున్నరు. వాళ్లు సేంద్రియం గురించి ఉపన్యాసం వినడంతో మొదలుపెట్టలేదు. భూమితో మొదలుపెట్టారు. పంచిన బీడుభూములను బాగుచేసుకున్నరు, గుంపుగా కౌలుకు పట్టుకున్నరు, ఎస్సీ కార్పొరేషన్ పథకం కింద కొన్నరు. 1990ల నడుమ 30కి పైగా ఊళ్లలో 2,600 ఎకరాలకు పైగా పడావు భూమిని సాగులోకి తెచ్చి, పండిన జొన్నల్లో భాగం ఊరి గింజల నిధికి జమచేసి, ఆ గింజను ఊళ్లోని పేదలకు తక్కువ ధరకు ఇచ్చారు. రేషన్ బియ్యానికి పోటీగా నిలిచిన జొన్న రేషన్ అది. 2008లో సొంత రేడియో నడిపారు. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ బహుమతి ఈ సంఘాలకు వచ్చింది.

అక్కడిది ప్రధానంగా జొన్నలు, కొర్రలు, కందులు, కూరగాయలు కాదు. అయినా పాఠం ఒక్కటే. విత్తనం ఇంట్లో ఉంది, నేల చేతికొచ్చింది, అమ్మకం సంఘం చేతిలో ఉంది. ఈ మూడూ కుదిరినాకే ఆ పంటకు సేంద్రియం అనే పేరు లాభం తెచ్చింది.

కూరగాయలకు ఇంత భూమి కూడా అక్కర్లేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 తర్వాత మహిళా సంఘాల ద్వారా నడిచిన పురుగుమందులు లేని సాగు కార్యక్రమంలో, నిరుపేద కుటుంబాల కోసం 36 మీటర్ల పొడవు, 36 మీటర్ల వెడల్పు మడి పద్ధతి ఒకటి తెచ్చారు. లెక్కకట్టితే దాదాపు 13 గుంటలు. తీగజాతి, ఆకుకూర, దుంప, గట్టు మీద కంది కలిపి వేస్తే ఇంటికి తిండి, మిగిలింది అంగడికి. పదమూడు గుంటలు! ఒక ఓపెన్‌కాస్ట్ గని పక్కన పోసిన మట్టికుప్ప నీడపాటి జాగ.

అంగడిలో చోటు

పండించడం ఒక ఎత్తు, అమ్మడం ఒక ఎత్తు. గంపతో కూర్చున్న ఆడమనిషికి అంగడిలో తైబజారు కట్టడం తెలుసు గానీ నీడ తెలియదు. 1999లో రైతుబజార్లు వచ్చినప్పుడు దళారి పోతాడన్నరు, కొంత పోయిండు కూడా. అయితే అక్కడ తక్కెడ పట్టాలంటే రైతు గుర్తింపు కార్డు కావాలి. పట్టా లేనోళ్లు తాము రైతులమని ఎట్లా చూపించాలి? 2011లో కౌలుదార్లకు గుర్తింపు చట్టం వచ్చింది. 2018లో తెలంగాణ ప్రభుత్వం తెచ్చిన రైతుబంధు మళ్లీ పట్టాదారుకే పోయింది. కాగితం మారుతున్నది, తలుపు మాత్రం అదే.

సేంద్రియ ముద్ర ఇంకో కాగితం. మూడో సంస్థ వచ్చి తనిఖీ చేసి ఇచ్చే ధ్రువపత్రానికి అయ్యే ఖర్చు 13 గుంటల మడి భరించలేదు. ఒకరి చేనును ఒకరు చూసి హామీ ఇచ్చుకునే పద్ధతి 2011 నుంచి ప్రభుత్వ గుర్తింపుతో ఉంది. పండించినవాళ్లే తినేవాళ్లకు నేరుగా అమ్మితే 2017 నాటి సేంద్రియ ఆహార నిబంధనలు కూడా వెసులుబాటు ఇచ్చినయి. అంటే బొగ్గు కార్మికుల కాలనీ వాకిట్లో మడి సాగుచేసే దళిత మహిళా సంఘం నేరుగా కూర అమ్మితే చట్టం అడ్డం లేదు. అడ్డం ఉన్నది నేల లేకపోవడం.

మళ్లీ రామగుండం కాడికి

గని కోసం భూమి తీసుకున్నప్పుడు 1894 చట్టం లెక్కపెట్టింది హక్కుదార్లనే. పట్టా ఉన్నోళ్లకు పరిహారం, కొందరికి ఉద్యోగం. ఆ పొలంలో తరాలుగా నాటేసి, కలుపు తీసి, పెంట మోసినోళ్లు ఏ జాబితాలోనూ లేరు. భూమితోపాటు వాళ్ల కూలీ పోయింది, గట్టు కూరా పోయింది. 2013 చట్టం మొదటిసారి వ్యవసాయ కూలీలను, కౌలుదార్లను కూడా ప్రభావిత కుటుంబాలన్నది. ఓపెన్‌కాస్ట్‌లు అప్పటికే ఊళ్లను మింగినయి. 1990ల మొదట్లో లక్ష దాటిన సింగరేణి కార్మికుల సంఖ్య నేడు 40 వేల దగ్గరికి దిగింది. గనిలో జీతం ఇక అందరికీ దారి కాదు. భూమి మాట మళ్లీ ఎత్తక తప్పదు.

2009 నుంచి బొగ్గు మంత్రిత్వ శాఖ నిబంధనల ప్రకారం ప్రతి గనికీ మూసివేత ప్రణాళిక ఉండాలి, దానికి ప్రత్యేక ఖాతాలో డబ్బు జమ కావాలి. పూడ్చిన నేల చెట్లకేనా, మనుషులకు కూడానా? సాగుకు పనికొచ్చే నేలను దళిత, భూమిలేని స్త్రీల సంఘాలకు దీర్ఘకాలపు కౌలుకు ఇవ్వాలని మేం అంటున్నాం. నేల, నీరు ముందు పరీక్షించాలి. బొగ్గుపొడి, బూడిద ఆకుకూర మీద పడే చోట యూరియా వేయనంత మాత్రాన కూర శుభ్రమైంది కాదు. చెడిన నేలను దళితులకు అంటగట్టి దానికి సేంద్రియం అని పేరు పెడితే అది ఇంకో వెట్టి. తోటకు నీరు, అంగడిలో నీడ ఉన్న చోటు, కాలనీల్లో నేరుగా అమ్ముకునే హక్కు ఆ కౌలుపత్రంలోనే రాయాలి.

మోట కుట్టిన చేతులకు, పెంట మోసిన నెత్తికి ఈ సేద్యం కొత్తగా నేర్పాల్సింది పెద్దగా లేదు. వాళ్లకు బాకీ ఉన్నది నేల. ఆ బాకీ తీర్చకుండా పంచే విత్తన సంచులు, ఇచ్చే శిక్షణలు, అతికించే ముద్రలు ఎన్నయినా, కూర దొరదే, తట్ట మనదే.